ఊటీకి బదులు తలకోన: వారం రోజుల బడి యాత్రకు ఓ ప్రణాళిక

త్రైమాసిక పరీక్షలు అయిపోగానే బడుల్లో టూరు మాట మొదలవుతుంది. ఏటా వినబడే పేర్లు అవే: ఊటీ, కొడైకానల్, మైసూరు, లేదంటే ఈసీఆర్ రోడ్డు మీద ఏదో ఒక నీళ్ల పార్కు. తెప్పక్కాడు ఏనుగుల శిబిరం మీద తీసిన డాక్యుమెంటరీకి 2023లో ఆస్కార్ వచ్చాక ముదుమలై పేరు కూడా చాలామంది పిల్లల నోట వినబడుతోంది. ముదుమలై మంచి అడవి, అందులో అనుమానం లేదు. కానీ చెన్నై నుంచి నీలగిరికి వెళ్లాలంటే రాత్రంతా రైలు, పగలంతా ఘాటు రోడ్డు. బయటి బండ్లకు ఈ-పాస్ కావాలి. వారం రోజుల యాత్రలో రాకపోకలకే రెండు రోజులు పోతాయి.

సెంట్రల్ స్టేషన్‌లో పొద్దున సప్తగిరి ఎక్కితే మూడు గంటల్లో ఇంకో నేషనల్ పార్కు వాకిట్లో దిగవచ్చు. తిరుపతి దర్శనానికి ఎన్నోసార్లు వెళ్లివచ్చిన కుటుంబాలు కూడా ఆ కొండల వెనక ఒక జాతీయ ఉద్యానవనం ఉందని గుర్తించవు. శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కును 1989లో ప్రకటించారు. విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. దాన్ని కలుపుకొని శేషాచలం కొండలను 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తించారు. తలకోన జలపాతం ఈ పార్కులోనిదే. ఎర్రచందనం, బంగారు బల్లి, దేవాంగ పిల్లి, రేచుకుక్కలు ఉన్న అడవి ఇది.

చెన్నై తెలుగు బడికి ఈ అడవితో ఇంకో పని కూడా ఉంది. అక్కడ చెట్టుకూ పిట్టకూ వాగుకూ ఉన్న పేర్లు తెలుగువి. దారి చూపే మనిషి మాట్లాడేది తెలుగు. మన పిల్లల తెలుగు ఇప్పుడు ఎక్కడుందో టీచర్లకు వేరే చెప్పనక్కరలేదు. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టం తర్వాత తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. తెలుగు ఐచ్ఛిక భాషగా టైంటేబుల్లో ఒక మూలకు చేరింది. ఇంట్లో తెలుగు వంటింటి దగ్గర ఆగిపోయింది. తాలింపు, గరిటె, ఉతుకుడు, అలుగుడు వంటి మాటలు పిల్లలకు వస్తాయి. వాగు వేరు, వంక వేరు, మడుగు వేరు, గుండం వేరు అంటే తెల్లముఖం వేస్తారు. అది వాళ్ల తప్పు కాదు. పుదుపేటలో గానీ వ్యాసర్‌పాడిలో గానీ వాగు చూపించమంటే ఎవరు చూపించగలరు?

ఎప్పుడు వెళ్లాలి

ఈ ప్రశ్నకు జవాబు పంచాంగంలో ఉంది. శేషాచలానికి ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాల్లోనే వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి సగం దాకా వాగులను నమ్మకూడదు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారింది, అదే వారంలో అటు రాజంపేట వైపు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నెలల్లో పిల్లలను కోనల్లోకి తీసుకెళ్లే సాహసం వద్దు. మార్చి దాటితే ఎండ, ఎండుటాకు, కార్చిచ్చు. జలపాతం కూడా సన్నబడుతుంది.

మిగిలింది జనవరి, ఫిబ్రవరి. అందులోనూ కొన్ని రోజులు తీసెయ్యాలి. వైకుంఠ ఏకాదశి చుట్టుపక్కల పది రోజులు తిరుపతిలో కాలు పెట్టే చోటుండదు. 2025 జనవరిలో ఆ టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. సంక్రాంతి ముందు బస్సులు దొరకవు. రథసప్తమికి తిరుమల నిండిపోతుంది. శివరాత్రికి తలకోన సిద్ధేశ్వరుడి గుడికి జనం అడవి దారుల్లో నడిచి వస్తారు. 2025 శివరాత్రి ముందు అలా నడుస్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణనష్టం జరిగింది. ఇవన్నీ తీసేస్తే సంక్రాంతి వెళ్లాక, శివరాత్రికి ముందు, రథసప్తమి పడని ఒక వారం మిగులుతుంది. నా లెక్కలో జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదలు మంచి సమయం. చలి ఉంటుంది, నీళ్లుంటాయి, దారి ఆరి ఉంటుంది.

పది, పన్నెండు తరగతులకు అది పరీక్షల కాలం కాబట్టి వాళ్లను కదపకూడదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ యాత్రకు సరిపోతారు. ఒక బస్సుకు 40 మంది పిల్లలు, ప్రతి పదిమందికీ ఒక టీచరు. ఆడపిల్లలుంటే సగం మంది టీచర్లు ఆడవాళ్లు కావాలి. శనివారం బయల్దేరి శుక్రవారం తిరిగి వస్తే పోయే పాఠాల రోజులు ఐదు.

ఉత్తరం పిల్లలే రాయాలి

అనుమతులు రెండు వైపులా కావాలి. తమిళనాడులో ముఖ్య విద్యాధికారి కార్యాలయానికి బడి తరఫున దరఖాస్తు, పిల్లల జాబితా, ఇంటి నుంచి సంతకం పెట్టిన అంగీకార పత్రాలు పంపాలి. ఆంధ్రప్రదేశ్ వైపు తిరుపతిలోని అటవీశాఖ వన్యప్రాణి విభాగం అధికారికి ఉత్తరం రాయాలి. ఎంతమంది, ఏ రోజులు, ఏ దారుల్లో నడుస్తారు, బండి నంబరేమిటి, బాధ్యత ఎవరిది అన్న వివరాలన్నీ అందులో ఉండాలి.

ఈ రెండో ఉత్తరం హెడ్‌మాస్టరు టేబుల్ మీద టైపు కాకూడదని నా కోరిక. తొమ్మిదో తరగతి తెలుగు పిరియడ్‌లో పిల్లలే రాయాలి. పరీక్షల్లో లేఖారచన ప్రశ్న చదువుకొని "మీ ఊరి గ్రంథాలయానికి పుస్తకాలు కోరుతూ" అంటూ ఎవరికీ చేరని ఉత్తరాలు రాసి రాసి వాళ్లకు విసుగొచ్చింది. ఇది నిజంగా ఒక ఆఫీసుకు చేరే ఉత్తరం. జవాబు కూడా తెలుగులో వస్తుంది. చిత్తు ప్రతి నాలుగుసార్లు దిద్దించినా పిల్లలు విసుక్కోరు. శుద్ధప్రతి మీద హెడ్‌మాస్టరు సంతకం, బడి ముద్ర పడితే చాలు.

ఆ ఉత్తరం నకలు బస్సులో ఉండాలి. ఎర్రచందనం దొంగరవాణా వల్ల శేషాచలం చుట్టూ చెక్‌పోస్టులున్నాయి, తనిఖీలు గట్టిగా ఉంటాయి. పిల్లల గుర్తింపు కార్డులు, టీచర్ల ఆధార్, అనుమతి పత్రం ఒకే ఫైల్లో పెడితే పది నిమిషాల పని. లేకపోతే ఆ ఎండలో ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో మీరే ఊహించుకోండి.

ముందు గిండీలో ఒక పూట

బయల్దేరే ముందు నెలలో ఒక శనివారం గిండీ నేషనల్ పార్కు చిల్డ్రన్స్ పార్కుకు వెళ్లిరండి. దేశంలోని అతి చిన్న నేషనల్ పార్కుల్లో అదొకటి, మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. నగరం నడిమధ్యన కృష్ణజింకలూ దుప్పులూ ఉన్న చోటు చెన్నై తప్ప ఇంకెక్కడా దొరకడం కష్టం. పక్కనే పాముల పార్కు. ఈ పూట సరదాకు కాదు, సాధనకు. అరగంట మాట్లాడకుండా నడవగలరా? తిన్న కాగితం జేబులో పెట్టుకుంటారా? ఎవరికి నడక కష్టం, ఎవరికి ఆస్తమా, ఎవరు గుంపు నుంచి జారుకుంటారు? ఇవన్నీ గిండీలో తెలిస్తే తలకోనలో తిప్పలుండవు.

అక్కడే నోట్‌బుక్ మొదలుపెట్టించాలి. ప్రతి పేజీలో మూడు గడులు: తెలుగు పేరు, తమిళ పేరు, పిల్లలు గీసిన బొమ్మ. రెండు భాషలూ ఎందుకంటే మన పిల్లల బుర్రలో ఆ రెండూ ఉన్నాయి కాబట్టి. ఉడుము పక్కన ఉడుంబు రాస్తారు. అలుగు పక్కన అళుంగు. దేవాంగ పిల్లి పక్కన దేవాంగు. వేప పక్కన వేంబు. ఈ రెండు భాషలూ ఒకే ఇంటి అక్కచెల్లెళ్లన్న సంగతి పాఠంలో చెప్తే ఒక చెవిన విని వదిలేస్తారు, వాళ్ల చేత్తో రాసిన గడుల్లో కనబడితే వాళ్లే గట్టిగా అరిచి చెబుతారు. దుప్పి, కణితి, రేచుకుక్క, బెట్లుడుత లాంటి చోట పేర్లు పూర్తిగా వేరుగా ఉంటాయి. అదీ చూడనివ్వండి.

పేరు తెలిసినవాడి దగ్గరే జాడ ఉంటుందనడానికి కడప జిల్లాలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1848లో మద్రాసు సైన్యంలో డాక్టరుగా ఉన్న జెర్డన్ కనుగొన్న ఒక పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని పుస్తకాలు రాసేశాయి. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు లంకమల దగ్గరి పల్లెల్లో బొమ్మ చూపించి వెతికితే, స్థానికుల సాయంతోనే అది మళ్లీ దొరికింది. వాళ్లకు ఆ పిట్ట ఎప్పుడూ అంతరించలేదు. దానికి వాళ్ల నోట కలివికోడి అని పేరుంది.

మొదటి రెండు రోజులు: కాలువ, కోట

శనివారం రైలు కాకుండా బస్సులోనే వెళ్లడం మేలు. దారి అలాంటిది. రెడ్‌హిల్స్ దాటి ఊత్తుకోట వైపు వెళితే కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా కాలువ కనబడుతుంది. మన కొళాయిలో వచ్చే నీళ్లలో కొంత ఇలా వస్తున్నదే. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తలా 5 టీఎంసీలు ఇచ్చేలా ఒప్పందం కుదిరింది, దారి నష్టం పోను 12 టీఎంసీలు చెన్నైకి చేరాలి. కండలేరు నుంచి రాష్ట్ర సరిహద్దు దాకానే కాలువ పొడవు 152 కిలోమీటర్లు. 1996లో మొదటిసారి నీళ్లు పూండికి చేరాయి. పథకం పేరు తెలుగుగంగ. పిల్లలను కాలువ గట్టున కాసేపు నిలబెట్టండి. సోషల్ పాఠంలోని అంతర్రాష్ట్ర ఒప్పందం అంటే ఏమిటో ఇక్కడ కళ్లారా చూస్తారు.

అక్కడి నుంచి సురుటుపల్లి, నాగలాపురం మీదుగా పుత్తూరు. నాగలాపురం శ్రీకృష్ణదేవరాయల తల్లి పేరున వెలసిన ఊరు. ఈ దారిలో కైలాసకోన జలపాతం దగ్గర మధ్యాహ్నం భోజనాలు పెట్టుకోవచ్చు. కోతులున్నాయి, డబ్బాలు జాగ్రత్త. కోన అన్న మాటను పిల్లలు మొదటిసారి వినే చోటు ఇది. కొండల నడుమ చెట్లు కమ్ముకున్న సందు కోన. తలకోన, గుండాలకోన, కైలాసకోన, ఈ చుట్టుపక్కల ఇలాంటి పేర్లు ఇంకెన్నో.

ఆదివారం పొద్దున చంద్రగిరి. ఇక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి ఆదివారమే చూసెయ్యాలి. ఆగస్టు 22న మనం చెన్నై పుట్టినరోజు చేసుకుంటాం కదా, ఆ 1639 నాటి కథకు ఇంకో కొస ఇక్కడుంది. కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డేకు చోటిచ్చినవాడు దామర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన చంద్రగిరి రాయల కింది నాయకుడు. చెన్నపట్నం అన్న పేరు ఆయన తండ్రి దామర్ల చెన్నప్ప నాయకుడిది. తర్వాత 1645లో శ్రీరంగరాయలు కంపెనీ హక్కులను ఖాయపరిచాడు. "మీరు ఆంధ్రా వాళ్లా?" అని పక్కింటి పిల్లలు అడిగినప్పుడు నీళ్లు నమిలే మన పిల్లలు రాజమహల్ మెట్ల మీద కూర్చొని ఈ కథ వినాలి. ఊరి పేరులోనే తెలుగువాడున్నాడని గొప్పలకు పోనక్కరలేదు, కానీ తెలిసి ఉండటం మంచిది.

మధ్యాహ్నం ఎస్వీ జూ. 1987లో పెట్టిన ఈ జూ దేశంలోని పెద్ద జూలలో ఒకటి. మంగళవారం మూసేస్తారు. అడవిలో జంతువు కనబడకపోవచ్చు గనుక ముందు ఇక్కడ ఆకారాలు చూసుకుంటే మంచిది. ఎలుగుబంటి దగ్గర ఎక్కువసేపు నిలబెట్టండి. తలకోన దారిలో దాని గోటి గుర్తులు చూసినప్పుడు పిల్లలకు గుర్తొస్తుంది.

కొండ మీదికి, దర్శనానికి కాదు

తిరుపతి దాకా వెళ్లి స్వామిని చూడకుండా వస్తారా అని అమ్మమ్మలు తప్పకుండా అడుగుతారు. వాళ్లకు ఏం చెప్పాలో ముందే అనుకోండి. 40 మంది పిల్లలతో క్యూలో నిలబడితే ఒక రోజు అక్కడే అయిపోతుంది. మన బడుల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. దర్శనం ఇంటివాళ్లతో చేసుకోవలసినది, బడి యాత్రలో దాన్ని కలపవద్దని నా అభిప్రాయం.

కానీ సోమవారం పొద్దున ఘాటు రోడ్డు ఎక్కాలి. దారిలో భూవిజ్ఞాన శాఖ జాతీయ స్మారకంగా గుర్తించిన చోటు ఉంది. కింద చాలా పాత గ్రానైటు, దానిమీద క్వార్ట్‌జైట్ పొరలు, రెండింటి నడుమ కోట్లాది సంవత్సరాల ఖాళీ. గోడకు సున్నం గీత గీసినట్టు రెండు కాలాలు కలిసే చోటు కంటికి తెలుస్తుంది. పైన శిలాతోరణం, గాలీ నీరూ చెక్కిన సహజమైన వంపు. దాన్ని చూసి మధ్యాహ్నానికి దిగి, భాకరాపేట మీదుగా తలకోన బయల్దేరవచ్చు.

అలిపిరి మెట్లదారిన నడుద్దామని పిల్లలు పట్టుబడతారు. వద్దు. మెట్లు మూడున్నర వేలకు పైనే. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుతపులి ఆరేళ్ల పాపను చంపేసింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటితే చిన్నపిల్లలను పంపకుండా ఆంక్షలు పెట్టారు. గుంపుగా వెళ్లే బడికి ఆ బాధ్యత ఎందుకు?

తలకోనలో రెండు రోజులు

యాత్రకు ప్రాణం ఈ రెండు రోజులే. తలకోన తిరుపతికి దాదాపు 60 కిలోమీటర్లు, యర్రావారిపాళెం మండలంలో నెరబైలు దగ్గర. జలపాతం ఎత్తు 270 అడుగులు. అటవీశాఖ, పర్యాటక శాఖల వసతి గదులున్నాయి, ముందుగా రాసి పట్టుకోవాలి. పర్యాటకుల పనులు చూసుకునేది వన సంరక్షణ సమితి, అంటే చుట్టుపక్కల పల్లెవాళ్లు. దారి చూపేవాళ్లు కూడా వాళ్లే. ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. తల్లిదండ్రులకు ఈ విషయం ముందే చెప్పాలి. రాత్రి ఎనిమిదికి ఒక టీచరు పల్లె దాకా వచ్చి వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెడతారని చెప్తే చాలు, ఎవరూ కంగారు పడరు.

మంగళవారం పొద్దున ఆరింటికే నడక. అడవికోడి కూత ఆ వేళలోనే. నడక అంటే కొండెక్కి దిగడం కాదు, రెండు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. దారి చూపే మనిషిని "అన్నా, ఇదేంటి?" అని పిల్లలే అడగాలి, టీచర్లు నోరు మూసుకొని ఉండాలి. మద్ది, జాలారి, తునికి, నేరేడు, ఉసిరి, మోదుగ, రేల, ఇలా పేర్లు వస్తుంటాయి. గిల్లతీగ కనబడితే ఆగి చూడండి, చెట్ల మీద నుంచి చెట్ల మీదికి పాకిన ఆ మొద్దు తీగను చూసి పామనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఈతచెట్టు లాంటి ఆకులతో పొట్టిగా ఉండే పేరీత ఈ కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా లేదు. దాని శాస్త్రీయ నామంలో బెడ్డోమ్ అన్న పేరుంటుంది. ఆయన 19వ శతాబ్దంలో మద్రాసు అటవీశాఖ పెద్ద అధికారి. జలపాతాల దగ్గర రాతి నెర్రెల్లో ఉండే బంగారు బల్లికి 1870లో శాస్త్రీయ నామం పెట్టిందీ ఆయనే. మద్రాసు నుంచి వచ్చిన మనిషి ఈ కొండల్లో నోట్‌బుక్‌తో తిరిగాడని మన పిల్లలకు చెప్పాలి, వాళ్ల చేతిలోనూ నోట్‌బుక్ ఉంది కాబట్టి.

ఇక్కడ ఇంకొకటి జరుగుతుంది, దాన్ని ఎవరూ ప్రణాళికలో రాయరు. "యాడ నుంచి వచ్చినారబ్బా?" అని ఆ మనిషి అడుగుతాడు. మన పిల్లల్లో చాలామంది ఇళ్లు రెండు మూడు తరాల కిందట చిత్తూరు, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చినవే. యాడికి, ఈడ, ఆడ అన్నది వాళ్ల నాయనమ్మ మాట. బడిలో పాఠ్యపుస్తకం తెలుగు రాక, ఇంటి తెలుగు మాట్లాడితే నవ్వుతారని సిగ్గుపడి, ఆఖరికి తమిళంలోనే మాట్లాడే పిల్లవాడికి తన ఇంటి భాష ఒక అడవి దారిలో పెద్దమనిషి నోట వినబడుతుంది. టీచర్లు ఆ క్షణంలో మాట దిద్దకుండా ఉంటే అదే వాళ్లు చేయగల మేలు. "తెలుగులోనే మాట్లాడాలి, తమిళం మాట్లాడితే ఫైన్" లాంటి నియమాలు పెట్టకండి. ఫైన్ వేస్తే పిల్లలు అసలు మాట్లాడటమే మానేస్తారు.

బుధవారం నీళ్ల రోజు. జలపాతం నుంచి కిందికి వాగు వెంట నడుస్తూ ఏది మడుగు, ఏది గుండం, ఎండాకాలంలో చెలమ ఎక్కడ తవ్వుతారు అని అడిగి రాసుకోవాలి. స్నానం మాత్రం టీచర్లు గీసిన గీత లోపలే. జలపాతం కింది మడుగులోకి బండ మీద నుంచి దూకి చనిపోయినవాళ్లున్నారు. నీటి కింద బండలున్నాయి, పైకి కనబడవు. ఈత వచ్చినవాళ్లకే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే వాళ్లే దూకుతారు. మధ్యాహ్నం చెట్ల నడుమ కట్టిన వేలాడే వంతెన మీద నడక. సాయంత్రం పిల్లలు తమ మూడు గడుల పుస్తకాలు పల్లెవాళ్లకు చదివి వినిపించాలి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు.

ఎర్రచందనం గురించి మాట్లాడక తప్పదు

శేషాచలం అంటే ఎర్రచందనం. తూర్పు కనుమల్లో ఈ దక్షిణ కొస తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది సహజంగా పెరగదు. చందనం అన్న పేరే గానీ దీనికి వాసన లేదు. చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. విదేశాల్లో దీని ధర వల్ల దొంగరవాణా సాగింది. 2015 ఏప్రిల్ 7న ఈ కొండల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వాళ్లు తమిళనాడు వాళ్లు. జవ్వాది కొండల పల్లెల నుంచి కూలికి వచ్చినవాళ్లు అందులో ఉన్నారు.

దీన్ని దాటేసి చెట్టు గొప్పతనం మాత్రమే చెప్పి రావడం తేలిక. కానీ మన తరగతి గదిలో తెలుగు పిల్లవాడి పక్కన తిరువణ్ణామలై జిల్లా పిల్లవాడు కూర్చుంటాడు. చెట్టు నరకడం నేరం, నిజమే. నరికినవాడు ఎందుకు వచ్చాడు, కూలి ఎంత ఇస్తామన్నారు, పంపినవాడు ఎక్కడున్నాడు? ఈ ప్రశ్నలు తొమ్మిదో తరగతి పిల్లలు అడుగుతారు. ఒక వైపు తీర్పు చెప్పకుండా రెండు రాష్ట్రాల పేపర్లలో అప్పుడు వచ్చిన వార్తలు రెండు భాషల్లో తెచ్చి చదివించగల బడి ఏదైనా ఉంటే అది చెన్నైలోని తెలుగు బడే. బయల్దేరే ముందు వారంలోనే ఆ తరగతి జరగాలి. అడవిలోకి వచ్చాక గార్డు ముందు అడిగితే ఆయనా ఇబ్బంది పడతాడు.

ఆఖరి రెండు రోజులు

గురువారం మామండూరు. తిరుపతి నుంచి కడప వైపు రోడ్డులో అడవి అంచున పాత బంగళా ఉన్న చోటు. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ కథల్లో మామండూరు, చామల పేర్లు వస్తాయి. లైబ్రరీలో దొరికితే ఇంగ్లిషు టీచరు ముందే చదివి చెప్పవచ్చు. ఇక్కడ ఒక పూట నడక చాలు, పిల్లలు అప్పటికి అలసిపోయి ఉంటారు. రాత్రి తిరుపతిలో బస.

శుక్రవారం శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల ఇంటికి వెళ్లండి, ముందే మాట్లాడుకుంటే చూపిస్తారు. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాకే కలం పడుతుంది. కరక్కాయ చెట్టు కూడా వాళ్లు వదిలివచ్చిన అడవిదే, పిల్లలు వెంటనే పట్టుకుంటారు. అక్కడి నుంచి నాయుడుపేట మీదుగా నేలపట్టు. ఆ కాలంలో గూడబాతులు చెరువులోని చెట్ల మీద పిల్లలను పెంచుతుంటాయి. సాయంత్రం సూళ్లూరుపేట దాటితే రాత్రి తొమ్మిదికి ఇల్లు.

ఇంటివాళ్ల ప్రశ్నలు

ఆడపిల్లలను వారం పాటు పంపడానికి చాలా ఇళ్లలో జంకు ఉంటుంది. అది సహజం. తల్లుల మీటింగు విడిగా పెట్టండి. ఎక్కడ పడుకుంటారు, బాత్‌రూమ్ ఎలా ఉంటుంది, నెలసరి వస్తే ఏం చేస్తారు, రాత్రి తలుపు దగ్గర ఎవరుంటారు అన్నది పేరుపేరునా చెప్పాలి. ఇద్దరు తల్లులను వెంట తీసుకెళ్లే ఏర్పాటుంటే సగం భయం అక్కడే పోతుంది. ముందుగా ఒక టీచరు తలకోన వెళ్లి గదులు, గడియలు, నీళ్లు చూసి ఫోటోలు తేవాలి.

పాము కరిస్తే కొయ్యకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, కదలకుండా ఉంచి బండిలో ఎక్కించాలి. పెద్ద ప్రభుత్వాసుపత్రి తిరుపతిలోని రుయా. అందుకే తలకోనలో ఉన్నంతసేపూ బస్సు గానీ వేరే బండి గానీ డ్రైవరుతో సహా అక్కడే ఉండాలి. బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ మాట రాయించుకోండి, లేకపోతే ఆ రెండు రోజులు బస్సు ఇంకో కిరాయికి పోతుంది.

డబ్బు సంగతి. బస్సు, బస, భోజనం, అడవి ప్రవేశ రుసుము, దారి చూపేవాళ్ల కూలి, మందులు, చేతిలో ఉంచుకోవలసిన కొంత సొమ్ము. ఖర్చుల పద్దులు ఇవి. ఎక్కువ ఖర్చు బస్సుకే. రెండు బడులు కలిస్తే టీచర్ల ఖర్చు పంచుకోవచ్చు. జూన్ నుంచి నెలకు ఇంత అని పిల్లల పేరున పొదుపు కట్టించుకుంటే జనవరిలో ఒక్కసారి అడిగే బాధ ఉండదు. కట్టలేని పిల్లల పేర్లు హెడ్‌మాస్టరుకూ క్లాసు టీచరుకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. ఆ లోటును పాత విద్యార్థుల సంఘం దగ్గర అడగండి. భవనానికి చందా ఇవ్వని పాత విద్యార్థి కూడా ఒక పిల్లవాడి టూరుకు ఇస్తాడు.

గదులు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. జనవరి ఆఖరి వారం కావాలంటే పిల్లల ఉత్తరం అక్టోబరు మొదట్లోనే తిరుపతికి చేరాలి. తెలుగు పిరియడ్‌లో చిత్తు ప్రతి సెప్టెంబరులో మొదలుపెట్టండి.